డాక్టరమ్మ గీకేసిన పొర

మా ల్యాబులో చాముండేశ్వరి కూర్చునే స్టూలుకి మూడేళ్ళలో రెండుసార్లు చక్రాలు మార్పించాను. మనిషి నిమిషం కుదురుగా ఉండదు. డ్రిల్లు చేతిలో ఉన్నంతసేపూ చెయ్యి కాదుకదా, రెప్ప కూడా కదలదు. అది పక్కన పెట్టిందా, ఇక మొదలు. కాళ్ళు ఆడిస్తుంది, కిటికీ దగ్గరికి వెళ్ళి వస్తుంది, కడిగిన సీసాలే మళ్ళీ కడుగుతుంది. "అమ్మా తల్లీ, ఓ చోట కూర్చోవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని రోజుకి నాలుగుసార్లు అరిచేవాణ్ణి. నేను అరిచే మనిషినే. నలభై రెండేళ్ళ కిందట రాజమండ్రి నుంచి ఈ దేశం వచ్చినప్పుడూ అరిచేవాణ్ణి, అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక ఇప్పుడూ అరుస్తున్నాను. నా పేరు పద్మనాభం. ఉత్తర కాలిఫోర్నియాలో ఓ యూనివర్సిటీ జియాలజీ డిపార్టుమెంటులో, రాతిపొడిని పరీక్షించే యంత్రానికి పాతికేళ్ళుగా కాపలా కాస్తున్నాను.

మా పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి నరకం. గుహ పైకప్పు నుంచి నీటిచుక్క కారుతుంది. అందులో కరిగిన సున్నం నేలమీద పొరలు పొరలుగా పేరుకుని, వేల ఏళ్ళకి మూరెడు రాయి పైకి లేస్తుంది. ఏ పొర కట్టిన కాలంలో బయట వానలు కురిశాయో, ఏ కాలంలో ముఖం చాటేశాయో, ఆ పొర తాలూకు పొడి చెబుతుంది. రాయిని నిలువునా రెండు చెక్కలుగా కోసి, నునుపు చేసి, అడుగు నుంచి కొన దాకా అర మిల్లీమీటరుకోసారి సన్నటి డ్రిల్లుతో గీకాలి. గీకినదాన్ని సీసాలో వేసి, నెంబరు రాసి నాకివ్వాలి. చెయ్యి వెంట్రుకవాసి అటు జరిగితే ముప్పై ఏళ్ళ వానలు పక్క ముప్పై ఏళ్ళతో కలిసిపోతాయి. మా దగ్గర మాస్టర్స్ చేసే పిల్లలు అలా కలిపేసి, వచ్చిన అంకెలు చూసి ప్రళయం కనిపెట్టామని గంతులేసేవారు. వాళ్ళ మీద అరిచి అరిచి నా గొంతు పోయింది.

అలాంటి సమయంలో, 2011లో, ఈవిడ వచ్చింది. శాన్ రామన్ నుంచి గంటంపావు డ్రైవ్ చేసుకుని ఇంటర్వ్యూకి వచ్చింది. చేతిలో రెజ్యూమే లేదు, ఓ స్టీలు డబ్బా ఉంది. అందులో గుంటూరు నుంచి తెచ్చుకున్న పళ్ళ డాక్టర్ల డ్రిల్లుమొనలు, నూనె రాసి, వరసగా. "సార్, నేను డెంటిస్టుని" అంది. ఓ పనికిరాని రాతిముక్క ఇచ్చాను. పది నిమిషాల్లో ఇరవై పొరలు గీకి ఇరవై సీసాల్లో పెట్టింది. ఒక్క రేణువు కింద పడలేదు. మా ప్రొఫెసర్ రూత్ దాన్ని భూతద్దంలో చూసి, నా వైపు చూసి, వెంటనే హెచ్.ఆర్.కి ఫోన్ చేసింది.

ఆవిడ కథ మీరు ఊహించగలరు, ఈ దేశంలో ఇలాంటివాళ్ళు వీధికొకరున్నారు. గుంటూరులో ఆరేళ్ళు సొంత క్లినిక్ నడిపింది. 2005లో భర్త శ్రీరామ్‌తో వచ్చింది. రెండేళ్ళు పనిచెయ్యడానికే వీల్లేని వీసా. 2007 జూలైలో అందరితోపాటు గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తే వర్క్ పర్మిట్ వచ్చింది. వచ్చి ఏం లాభం? ఇక్కడి లైసెన్స్ కావాలంటే మళ్ళీ ఇక్కడి డెంటల్ కాలేజీలో చదవాలి, ఆ సీటు కావాలంటే బెంచ్ టెస్ట్ పాసవ్వాలి. ప్లాస్టిక్ పన్ను ఒకటి ముందు పెట్టి, పుచ్చు తీసి గుంట చెయ్యమంటారు. ఆరేళ్ళలో కొన్ని వేల పళ్ళు బాగుచేసిన మనిషి, ఆ ప్లాస్టిక్ పన్ను దగ్గర మూడుసార్లు తప్పింది.

"ప్రాణమున్న పన్ను వేరు బాబాయ్ గారూ. గడియారం పెట్టి వెనకాల నిలబడితే నా చెయ్యి బిగుసుకుపోతుంది" అనేది.

వరస కలుపుకున్నది తనే. నేను మాత్రం డాక్టరమ్మా అనే పిలిచేవాణ్ణి. మొదట్లో వెక్కిరింపుగానే అన్నాను, అబద్ధమెందుకు. ఎవరింట్లో పాట్‌లక్ విందు జరిగినా జనం పులిహోర ప్లేటు పక్కన పెట్టి ఈవిడ ముందు నోరు తెరిచేవారు. ఈవిడ సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, "పిప్పి పన్ను అంకుల్, రూట్ కెనాల్ తప్పదు" అని చెప్పేది. చూడటమే, ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నేరం. చూసి వచ్చాక ఆ రాత్రంతా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుందని శ్రీరామ్ నాతో చెప్పాడు. 2015 మార్చికి నాలుగోసారి బెంచ్ టెస్ట్ రాయడానికి అప్లై చేసింది. గరాజ్‌లో బల్ల వేసుకుని, సాయంత్రం ల్యాబు నుంచి వెళ్ళగానే ప్లాస్టిక్ పళ్ళు ముందేసుకుని కూర్చునేది. పగలు రాళ్ళు, సాయంత్రం పళ్ళు. చెయ్యి మాత్రం ఒకటే.

2014 అంటే ఇక్కడ కరువు మూడో ఏడు. పచ్చికకి నీళ్ళు పెడితే పక్కింటివాడు ఫోటో తీసి సిటీవాళ్ళకి పంపే రోజులు. టీవీ పెట్టినా, కిరాణాకి వెళ్ళినా ఒకటే ప్రశ్న, ఇదెన్నాళ్ళు? రూత్‌కి ఆ వేసవిలో కొండల కింద ఓ ప్రైవేటు గుహలో మంచి రాయి దొరికింది. ఎవరో విరగ్గొట్టింది కాదు, తనంతట తానే పడిపోయి ఉంది. గుహ యజమాని ఓ మొండి ముసలాయన. ఒక చెక్క మాకిచ్చి, రెండోది టికెట్ కౌంటర్ దగ్గర అద్దాలపెట్టెలో పెట్టుకుంటానన్నాడు. సరేనన్నాం.

మా చెక్కలో కొనకి నాలుగు వేళ్ళ కిందగా గోధుమరంగు పొర ఒకటి ఉంది. పెసరగింజంత మందం. పైనా కిందా పాలలాంటి తెలుపు, మధ్యలో మురికి. అది రెండిట్లో ఏదో ఒకటి కావాలి. వరదొచ్చి గుహలోకి బురద కొట్టి ఉండాలి, లేదా చుక్క పడటం ఆగిపోయి, ఏళ్ళ తరబడి రాయి ఎండిపోయి, దుమ్ము పట్టి ఉండాలి. వరదా, కరువా? బురదైతే ఒక కథ, దుమ్మైతే ఇంకో కథ. ఆ రెండు చెంచాల మురికిని మైక్రోస్కోపు కింద పెడితే గానీ తేలదు. రూత్ మీటింగుకి వెళుతూ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పొర దాకా గీకండి, ఆపెయ్యండి, సోమవారం నేనొచ్చాక పొరని బ్లేడుతో నేనే లేపుతాను. చాముండేశ్వరి ఆ మాట లాగ్‌బుక్‌లో రాసుకుని కింద గీత కూడా కొట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడైంది. నేను యంత్రం దగ్గర ఉన్నాను.

"బాబాయ్ గారూ, ఒక్కసారి వస్తారా" అని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. అందుకే తీరిగ్గా వెళ్ళాను.

రాయి తెల్లగా మెరుస్తోంది. గోధుమ పొర ఉన్నచోట, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, చక్కటి గుంట. గోడలు నున్నగా, అడుగు సమంగా, ఎక్కడా ఓ మచ్చ లేదు. నా జన్మలో అంత అందంగా పాడుచేసిన రాయిని చూడలేదు. పక్కన పొడి పీల్చే గొట్టం ఇంకా బుస్సుమంటోంది.

"ఇదేవిటే?"

"క్లీన్ చేశాను."

"ఏం చేశావూ?"

"డ్రిల్లు పొర అంచుకి తగిలింది. మెత్తగా ఉంది. అచ్చం పుచ్చులాగే ఉంది బాబాయ్ గారూ, చేతికి అలాగే తగిలింది. ఇక నాకు గుర్తులేదు. గట్టి భాగం వచ్చేదాకా తీసేశాను. తీసేసి, అంచులు సరిచేసి, గాలి కొట్టాక చూశాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం తిట్టానో ఇప్పుడు రాయను. పీల్చే యంత్రం సంచి ఊడబెరికి బల్లమీద బోర్లించాను. నాలుగు నెలలుగా గీకిన రాళ్ళన్నిటి పొడీ అందులోనే ఉంది, అందులో గోధుమరంగు ఎక్కడ వెతుకుతాను? దగ్గొచ్చి, కళ్ళజోడు నిండా సున్నం పడి, ఓ బూతుమాట అని కూలబడ్డాను. ఆవిడ ఏడవలేదు. గోడవారగా నిలబడి, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

పది నిమిషాలయ్యాక నాకు బుద్ధి పనిచేసింది. బుద్ధి అంటున్నాను గానీ, అది వట్టి పిరికితనం.

"లాగ్‌బుక్ ఇటు తే. పొర వదులుగా ఉంది, డ్రిల్లు తగలగానే రాలిపోయింది అని రాయి. మెత్తటి పొరలు రాలడం ఉన్నదే. రూత్ ఓ గంట బాధపడి ఊరుకుంటుంది."

"రాలలేదు కదా."

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ గోడకి తెలుసు. దాన్ని అడుగుతుందా?"

పెన్సిల్ తీసుకుని రాసింది. నేనే దగ్గరుండి రాయించాను.

శనివారం మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి, చెప్పేద్దామా అంది. నోరు మూసుకో అన్నాను. రెండోసారి, రాసింది చెరిపేస్తే మరక కనపడుతుందా అంది. కనపడుతుందన్నాను. మూడోసారి కారు నడుపుతున్న చప్పుడు వినిపించింది. ఎక్కడికే అంటే, ఊరికే అంది. ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చేసింది. మా ఆవిడ నళిని కాఫీ పెడితే కప్పు పట్టుకుని లోపల కూర్చోలేక, ఎండిన పచ్చికలో అటూ ఇటూ తిరిగింది. ఆవిడ వెనకాల నేనూ తిరిగాను. చూసినవాళ్ళు మామాకోడళ్ళు పోట్లాడుకుంటున్నారనుకుని ఉంటారు.

"రూత్‌కి చెబితే పని తీసేస్తుంది. తీసెయ్యకపోయినా డ్రిల్లు మాత్రం ఇవ్వదు. అది పోతే నా చేతికి ఇంకేం మిగల్దు బాబాయ్ గారూ. తొమ్మిదేళ్ళలో నన్ను డ్రిల్లు పట్టుకోనిచ్చింది ఈ ఒక్కచోటే."

"నేనూ అదే మొత్తుకుంటున్నాను. అందుకే చెప్పకు."

"చెప్పకపోతే ఆవిడ ఏమని రాస్తుంది? పొర సంగతి తెలియదు అని రాస్తుంది. తెలియనిది కాదు అది, నేను తెలియకుండా చేసింది."

"అబ్బబ్బ! ప్రపంచం తలకిందులైపోతుందా?"

"క్లినిక్‌లో ఒకసారి ఒకాయనకి మంచి పన్ను తీశాను" అంది. నడక ఆపింది. "పక్కది పీకబోయి. ఆయనకి తెలియలేదు. చెబితే క్లినిక్ పోతుందని మా నాన్న చెప్పనివ్వలేదు. ఆ పేషెంటు థాంక్స్ చెప్పి, మిఠాయి పంపించాడు. ఆ మిఠాయి నేను తినలేదు, పారెయ్యనూలేదు. ఇప్పుడు మీరు కూడా మా నాన్నలాగే మాట్లాడుతున్నారు."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో అప్పుడు ఒప్పుకోలేదుగానీ, నిజం తగిలితే మండుతుంది. కప్పు అక్కడే గడ్డిలో పెట్టి వెళ్ళిపోయింది.

సోమవారం రూత్ సూట్‌కేసు కూడా ఇంట్లో దింపకుండా నేరుగా ల్యాబుకి వచ్చింది. చాముండేశ్వరి ఎదురెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పొర రాలిపోలేదు. నేను తీసేశాను. పుచ్చు అనుకున్నాను, చెయ్యి ఆగలేదు. లాగ్‌బుక్‌లో రాసింది అబద్ధం."

రూత్ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. రాయి దగ్గరికి వెళ్ళి ఆ గుంటలో వేలు పెట్టి చూసింది. "ఇది ఇంకెవరికి తెలుసు?" అని అడిగింది.

"ఎవరికీ తెలియదు."

ఏ మాటకామాటే చెప్పాలి, నేను నోరు విప్పడానికి చాలాసేపు పట్టింది. పాతికేళ్ళుగా చిన్నాపెద్దా అందరి తప్పులూ పట్టుకుని అరిచిన పెద్దమనిషిని, యంత్రం మీటలు తుడుస్తూ నిలబడ్డాను. ఈవిడ నా వైపు చూడనైనా చూడలేదు. చూసి ఉంటే బహుశా అలాగే తుడుస్తూ ఉండేవాణ్ణి.

"నాకు తెలుసు. రాయమన్నది నేను" అన్నాను చివరికి.

రూత్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

తరవాత రెండు వారాలు చాముండేశ్వరికి డ్రిల్లు ఇవ్వలేదు. పని తీసెయ్యలేదు, అలాగని ఇవ్వనూలేదు. సీసాలు కడగడం, లేబుళ్ళు అంటించడం. ఖాళీ చేతులతో ఆవిడ ఆ స్టూలు మీద పడే అవస్థ చూడలేక నేను బయటికి పోయి నిలబడేవాణ్ణి. ఉద్యోగానికి రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకు తిరుగుతోందని శ్రీరామ్ ఫోన్ చేసి చెప్పాడు. "మీరైనా చెప్పండి అంకుల్" అన్నాడు. నా మొహం, నేనేం చెబుతాను?

రూత్ మాత్రం ఆ గుహ ముసలాయన దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళింది. అద్దాలపెట్టెలో ఉన్న రెండో చెక్కలోనూ అదే పొర ఉంటుంది కదా. మూడుసార్లు కాదన్నాడు. నాలుగోసారి, మా మనిషి చేసిన పని ఉన్నదున్నట్టు చెప్పేసిందట. ఆయన పడీపడీ నవ్వాడట. తన నోట్లో సగం పళ్ళు కట్టుడువేనట. వేలెడు వెడల్పు మించి ముట్టుకోకూడదన్న షరతు మీద, రెండు రోజులకి ఇచ్చాడు.

ఆ చెక్క తెచ్చి రూత్ చాముండేశ్వరి ముందు పెట్టింది. నేను ఉండబట్టలేక, నువ్వే చెయ్యొచ్చు కదా అనేశాను.

"పొర ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గట్టిపడిందో చేతికి తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. నా చేతికి తెలియదు. మనకి ఇంకో చెక్క లేదు" అంది రూత్. అని, వెళ్ళిపోయింది. నిలబడి చూస్తే ఈవిడ చెయ్యి బిగుసుకుంటుందని ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేనైతే చెప్పలేదు.

"మీరు పక్కనే కూర్చోండి బాబాయ్ గారూ. నా చెయ్యి క్లీన్ చెయ్యబోతే మణికట్టు పట్టేసుకోండి" అంది చాముండేశ్వరి.

కూర్చున్నాను. పొద్దున్న తొమ్మిదిన్నర. పొర కింద తెల్లభాగం గీకినంతసేపూ చెయ్యి ఎప్పటిలా హాయిగా సాగింది. గోధుమ అంచు తగిలింది. తగలగానే ఆ వేళ్ళలో ఓ వేగం వచ్చింది, నేను చూశాను. నా చెయ్యి లేచింది గానీ ఆవిడే ముందు డ్రిల్లు నడిపే పెడల్ మీంచి కాలు తీసేసింది. డ్రిల్లు పక్కన పెట్టి బ్లేడు తీసుకుంది. మురికిని పొరలు పొరలుగా లేపి, నల్ల కాగితం మీదికి దించింది. కొంత లేపి ఆగేది. గట్టిగా ఊపిరి వదిలేది. మళ్ళీ లేపేది. గోడలకి అంటుకున్నది అలాగే వదిలెయ్యాలి, అది రాయిని పాడుచెయ్యకుండా రాదు. ఆ అంటుకున్న మురికి దగ్గర ప్రతిసారీ బ్లేడు ఓ క్షణం నిలబడేది. నిలబడి, పక్కకి జరిగేది. మణికట్టు పట్టుకోవలసిన పని నాకు ఒక్కసారీ పడలేదు. పన్నెండున్నరకి చివరి సీసా మూత పెట్టింది. వరదో కరువో ఇక మైక్రోస్కోపు చెప్పాలి.

రాయిలో మిగిలిన గుంట వంకరటింకరగా, అంచులు చిరిగి, గోడల నిండా గోధుమ మచ్చలతో ఉంది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

"ఇలా వదిలేసి లేస్తే బెంచ్ టెస్ట్‌లో సున్నా వేస్తారు" అంది.

"ఇది పన్ను కాదే."

"నాకు ఎప్పుడో తెలుసు బాబాయ్ గారూ. నా చేతికి ఇవాళ తెలిసింది."

అప్పుడు ఏడ్చింది. శుక్రవారం ఏడవనిది, సోమవారం ఏడవనిది, రెండు వారాలు సీసాలు కడిగినప్పుడు ఏడవనిది, పని బాగా చేశాక ఏడ్చింది. ఆరేళ్ళ క్లినిక్‌కీ, మూడు పరీక్షలకీ కలిపి ఏడుస్తోందని నాకు అర్థమైంది. నాకూ దుఃఖం వచ్చింది. ఆ చేత్తో ఇక పన్ను బాగుచెయ్యలేదని కాదు. చెయ్యగలదు. ఒకే చెయ్యి పగలు మురికి వదిలేసి, సాయంత్రం మురికి తీసేస్తుంటే, ఈసారి పాడయ్యేది రాయో పన్నో తనకి తెలియదని, ఆ భయంతో రెండు పనులూ చెయ్యలేనని, వెక్కుతూనే చెప్పింది.

కళ్ళు తుడుచుకుంది. ఫోన్ తీసింది. ఒక చేతికి గ్లవ్ ఇంకా అలాగే ఉంది. మార్చి పరీక్షకి రావడం లేదు, నా అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నాను అని ఆ కాలేజీకి మెయిల్ కొట్టింది. పంపేముందు నాకు చూపించింది. చదివాను. అరవడానికి నోరు తెరిచాను కూడా, వద్దే, ఇంకోసారి ఆలోచించు అని. చివరికి తప్పులేమీ లేవు, ఇంగ్లీషు బాగానే ఉందన్నాను. ఆవిడ పంపేసింది.